బొమ్మకు కట్టిన చీర

ఆ బుధవారం నా డైరీలో ఒకే వాక్యం ఉంది: ‘నలభై రెండు పెట్టాను, నలభై రెండూ ఉన్నాయి, అయినా తప్పు.’

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తరలిపోయాక అక్కడి నా లెక్కల ఉద్యోగం పోయింది. యాభైకి దగ్గరపడుతున్న వయసులో, నా పిల్లల ఈడు వాళ్ల పక్కన కోచింగ్ సెంటర్ బెంచీ మీద కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. అరలకు అంటించిన చీటీలు చూసి చీరలు వెతికే బావ దుకాణానికి, ఏ చీర ఏ అరలో ఉందో తెర మీద చూపేలా రాస్తున్నదే మొదటిది. శ్రావణమాసపు రద్దీ మొదలయ్యే శుక్రవారానికి అది సరిగ్గా పనిచేస్తే తాను వాడతానని, పక్క దుకాణాల వాళ్లకూ చెబుతానని, లేకపోతే బయట తయారుగా దొరికేది కొంటానని ఆయన ముందే తేల్చి చెప్పాడు.

ప్రోగ్రాములో ప్రతి చీరా ఒక ఆబ్జెక్టు. దాని రంగు, అంచు, నేసిన ఊరు, ఉన్న అర అందులో ఉంటాయి. దుకాణంలోని నలభై రెండు రకాలనూ అర్రే అనే వరుసలో దాచాలి. బావ ముందు ఆ వరుసను తెరిస్తే నలభై రెండు గడుల్లోనూ ఒకే చీర కనిపించింది: చిలకపచ్చ, ఏనుగుల అంచు.

“ఏంది బామ్మర్ది, దుకాణమంత ఒక్క చీరెతోనే నింపినవా? ఎర్రది గావాలె అన్నోళ్లకు గూడ పచ్చదే జూపియ్యాల్నా?” అన్నాడు బావ. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎల్‌బీ నగర్‌లోని ఇంటికి మెట్రోలో వెళ్తూ, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. మార్కెట్‌లో అన్నేళ్లూ మొత్తం సరిపోతే లెక్క సరిపోయినట్టే అనుకున్నవాణ్ని. ఇక్కడా మొత్తం సరిపోయింది కాబట్టి తప్పు వరుసలో కాక, తెర మీద చూపించే భాగంలో ఉందని నమ్మి, దాన్ని రెండుసార్లు తిరగరాశాను. ఫలితం మారలేదు. గురువారం ఉదయం ఒక్కో చీరను వరుసలో పెట్టగానే దాని వివరాలు చూపించేలా మార్చి చూశాను. పెట్టిన క్షణాన ఎర్రది ఎర్రగానే ఉంది. అన్నీ పెట్టాక తిరిగి చూస్తే పచ్చగా మారిపోయి ఉంది.

తోచక దుకాణానికే వెళ్లాను. అక్కడ అద్దం వెనక ఒకటే బొమ్మ ఉంటుంది. ఫోనులో అడిగే వాళ్ల కోసం దానికి ఒక చీర కట్టి ఫొటో తీస్తారు, విప్పి మరొకటి కడతారు. మధ్యాహ్నం హయత్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చి బొమ్మను చూసి నిలబడిపోయింది.

“పొద్దున బస్సులోంచి చూశానండీ, మీ బొమ్మకి మెరూన్ చీర ఉంది. తీరా వస్తే ఇదేంటి, నీలం కట్టారు?”

“అది విప్పేసినమమ్మా. లోపలున్నది, తెస్తా,” అన్నాడు సేల్స్‌మన్.

నేను బొమ్మ దగ్గరే ఆగిపోయాను. నా ప్రోగ్రాములోనూ ఉన్నది ఒక్క బొమ్మే. చీర ఆబ్జెక్టును లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం, మొదలయ్యే ముందు ఒక్కసారే సృష్టించి, ప్రతిసారీ దాని రంగు, అంచు మార్చి వరుసలో పెడుతున్నాను. నూలుకు రంగులద్దేందుకు ఒకే గిన్నెను కడిగి మరో రంగు కలుపుకునే ఇంట్లో పెరిగాను. ఉన్నది ఉండగా కొత్తది చేయడానికి నా చెయ్యి రాదు. వరుస ప్రతి చీరనూ ఫొటోలా దాచుకుంటుందనుకున్నాను. కాని ప్రతి గడిలోనూ ఉన్నది ‘ఆ బొమ్మను చూడు’ అన్న గుర్తు మాత్రమే. నలభై రెండు గుర్తులూ ఒకే బొమ్మ దగ్గరికి పంపిస్తే, చివర కట్టిన చీర కాక మరేది కనిపిస్తుంది?

కొత్త ఆబ్జెక్టును సృష్టించే ఆ ఒక్క వాక్యాన్ని లూపు లోపలికి జరిపాను. ప్రతి చీరకూ దాని బొమ్మ దానికి వచ్చింది.

శుక్రవారం బావ అరల్లోంచి తోచిన చీర తీయడం, నేను తెర మీద చూపించడం. ప్రతిదీ సరిపోయింది. చివరికి ఆయనే చిలకపచ్చది తెచ్చి ముందు పెట్టాడు. అదీ సరిపోయింది.

“గిది మొన్న గూడ కరెక్టే జూపిచ్చింది తియ్యి,” అన్నాడు. చీరను మళ్లీ మడతపెడుతూ, “అరలకున్న చీటీలు రేపు తీపిస్త. ఇయ్యాల ఉండనీ,” అన్నాడు.

ఆ రోజంతా నేను కుర్చీలో నిలవలేదు. గిరాకీ రంగు చెప్పగానే సేల్స్‌మన్ చీటీ వెతుకుతాడు, నేను తెర చూస్తాను. రెండూ ఒకే అర చెప్పేదాకా తెర మీంచి చూపు తిప్పేవాణ్ని కాదు. చివరి గిరాకీ మెట్లు దిగాక బావ స్టూలు లాక్కుని ఎక్కి, పై అర నుంచి చీటీలు పీకడం మొదలుపెట్టాడు.