శాసనాల పత్రికకు తలనూనె డబ్బు

ఉప్పు సత్యాగ్రహం చల్లారిన మరుసటి ఏడు నన్ను కర్నూలు జిల్లా స్పెషల్ బ్రాంచికి వేశారు. హోదా సబ్-ఇన్‌స్పెక్టరుదే గాని యూనిఫారం ఉండదు. పంచె, కోటు, గొడుగుతో మనుషుల వెంట తిరిగి, చూసిందీ విన్నదీ రిపోర్టు రాసి పైకి పంపడమే పని. చేరిన కొత్తలోనే మా డిప్యూటీ సూపరింటెండెంటు పిలిచి నా చేతిలో ఒక పత్రిక పెట్టారు. దాని పేరు ‘శిలాలేఖ దర్పణం’.

పాత శాసనాల మీద పరిశోధన అచ్చువేసే పత్రిక అది. సంపాదకుడు నరసింగరావు పంతులు, రిటైరైన చరిత్ర లెక్చరరు. అట్టమీద గౌరవ పోషకులుగా కలెక్టరు దొర పేరుండేది. లోపల సమాధిరాళ్ళ మీద దొర రాసిన వ్యాసమూ ఉండేది. మద్రాసులో జడ్జీలు ఈ పత్రికను తోలు బైండు చేయించి బీరువాల్లో పెట్టుకునేవారట. చదివేవారా అన్నది పోలీసుల దృష్టికి రాలేదు. ఈ పత్రిక ఒక విప్లవ ముఠా డబ్బుతో నడుస్తోందని పైనుంచి ఉప్పందింది. నిజమో కాదో తేల్చమని నాకు ఆజ్ఞ.

ముందు చదవాలి కదా అని కూర్చున్నాను. ఒక పొలిమేర రాయి మీది వ్యాసం మధ్యలో నిద్రపట్టింది. మెలకువ వచ్చేసరికి పత్రిక బోర్లా పడి ఉంది, వెనక అట్టంతా ఒకే ప్రకటన: నీలాంబరి కేశతైలం, కడప. పాత సంచికలు తిరగేస్తే అన్నిటి వెనకా అదే. అప్పటికే నా జుట్టు నుదుటిని వదిలి వెనక్కి నడుస్తోంది కనుక నా ఆసక్తి పూర్తిగా ఉద్యోగధర్మం అనలేను.

కర్నూలులో ఏ అంగడిలోనూ ఆ నూనె దొరకలేదు. నంద్యాలలో ఒక సెట్టి నన్ను ఎగాదిగా చూసి, “ఆ పేరే వినలేదు సామీ. అయినా నీకిప్పుడు నూనెతో ఏం పని ఉండాది?” అన్నాడు.

ప్రకటనలోని చిరునామా పట్టుకొని హెడ్ కానిస్టేబులు ఖాసిం సాహెబుతో కడప వెళ్ళాను. అక్కడ తాళం వేసిన గది తప్ప సీసా లేదు, నూనె వాసన లేదు. లేని నూనెకు ప్రతి సంచికలో ప్రకటన డబ్బు ఎవరో కడుతున్నారన్నమాట. ఓబుళేసు అనే యువకుడు అప్పుడప్పుడు వచ్చి టపా తీసుకుపోతాడని పక్కింటామె చెప్పింది. కాపు కాశాం. అతను రాగానే వెంటపడి, బస్సుల్లో దుమ్ము తిని కోయిలకుంట్ల దగ్గరి పల్లెకు చేరాం.

అక్కడ కరణం ఇంట్లో ఓబుళేసు అల్లుడిలా భోంచేస్తున్నాడు. “శానా చదువుకున్నోడప్పా. దొరవారి పత్రిక మనిషి. కొండల్లో శాసనాలు వెతుకుతాండాడు,” అన్నాడు కరణం. రహస్యం అంతే. అట్టమీది కలెక్టరు పేరు చూపిస్తే చాలు, ఏ ఊళ్ళోనైనా అన్నం, బండి, తవ్వుకోవడానికి గడ్డపార దొరికేవి.

సంచీ చూపించమన్నాను. అతను చెయ్యి లోపల పెట్టాడు. నా భార్యా ఇద్దరు పిల్లలూ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చారు. ఖాసిం సాహెబు ఎగిరి అతని మీద పడ్డాడు. శాసనాల నకళ్ళ కింద ఒక రివాల్వరు, బండల గనుల్లో వాడే పేలుడుమందు దొరికాయి. సంకెళ్ళు వేస్తుంటే ఓబుళేసు నన్ను చూసి నవ్వాడు. “నూనె కోసం ఊరూరా తిరుగుతాండే బట్టతలాయన నువ్వేనా?” నా గూఢచర్యం అంత గూఢంగా సాగిందన్నమాట.

పంతులు ఇంటికి డిప్యూటీగారూ నేనూ ఖాసిం సాహెబూ వెళ్ళాం. ఆయన దేనికీ బొంకలేదు.

“దుడ్లు ఎవురిస్తాండారో తెలుసునప్పా. సర్కారుకు అర్జీలు పెట్టుకుంటి, జవాబే లేదు. జమీందార్లను అడిగితి, పంచాంగం అచ్చెయ్యమనిరి. వీండ్లిచ్చిరి. ఇచ్చి, పత్రిక చదివి అచ్చుతప్పులు గూడా చూపిచ్చిరి. మొదటినుంచి కడదాకా చదివినోళ్ళు వాండ్లే.”

“సంచుల్లో ఏముందో అడగలేదా?” అన్నాను.

“నకలు సరిగ్గా తెస్తాండారా, అది మాత్రమే చూస్తి.”

“ఆ రివాల్వరు పేలి ఉంటే ఈ ఖాసిం సాహెబు ఇంటికి చేరేవాడు కాడు, పంతులుగారూ.”

ఆయన గుమ్మంలో నిలబడ్డ ఖాసిం వైపు చూశారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. 

ఛార్జిషీటు, అంటే కోర్టుకు పెట్టే అభియోగపత్రం, నేనే రాశాను. అందులో పంతులు రెండో ముద్దాయి, పత్రిక సాక్ష్యం. డిప్యూటీగారు దాన్ని కలెక్టరు బంగళాకు తీసుకువెళ్ళి, ముఖం కందగడ్డ చేసుకొని తిరిగొచ్చారు. పత్రిక కోర్టుకెక్కితే అట్టమీది పేరూ ఎక్కుతుంది. సమాధిరాళ్ళ మీద దొర రాసిన వ్యాసానికి అచ్చుకూలి ఎవరిచ్చారని డిఫెన్సు వకీలు అడుగుతాడు. నాచేత మళ్ళీ రాయించారు. ఈసారి అందులో ఓబుళేసు, రివాల్వరు, మందు మాత్రమే మిగిలాయి. అతనికి జైలు పడింది. పంతులు పెన్షను నిలబడింది, పత్రిక ఆగింది. మానేసినందుకు పాఠకుల నుంచి ఫిర్యాదులేవీ రాలేదని విన్నాను. నన్ను ఆలూరుకు బదిలీ చేశారు.

పెద్దమనుషుల మధ్య నేరం పట్టుబడినప్పుడు ముద్దాయి ఎవరన్నది తరువాతి సంగతి. అతని పక్కన ఎవరి పేరు అచ్చయిందో ముందు చూడాలి. ఆ పేరు ఎంత పెద్దదైతే ఛార్జిషీటు అంత పొట్టిగా వస్తుంది. తరువాతి ఉద్యోగమంతా నేను చిత్తుప్రతులు పొట్టిగానే రాశాను, కాగితమైనా మిగిలింది.