ఎర్ర లైటుతో ఎమ్మిగనూరు దాకా

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సెక్కితే గంట ప్రయాణం. మా వీధి ఖాజా పికప్‌లో నాకు ఒక రోజు పట్టింది. ఎనభైల నాటి మాట. బండిలో ఇంజన్ ఆయిలు తగ్గిందని చెప్పే లైటు ఎర్రగా వెలిగి, రెండు రోజులైనా ఆరలేదు. ఖాజా ఎద్దుల జత అమ్మి కొన్న పాత బండి అది. ఇంజన్ పట్టేసిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. "మీరు సైన్సు సెప్తారు కదా సారూ, ఎమ్మిగనూరు బండ్ల మేస్త్రీ కాడికి తోడు రాండి" అన్నాడు. కాదనలేకపోయాను.

ఏడున్నరకు బయలుదేరాం. బంకు దగ్గర ఆయిలు మట్టం చూపే పుల్ల తీసి చూశాను. రెండు గీతల మధ్య తడి ఉంది. అది చాలో చాలదో నాకు తెలియదు. "పుల్ల అబద్ధం సెప్తాది గానీ లైటు సెప్పదు" అని బంకాయన అర లీటరు పోయించాడు. లైటు ఆరలేదు.

ఎనిమిదిన్నరకు కోటేకల్లులో టీకి ఆగాం. ఒక లారీ డ్రైవరు బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విన్నాడు. "బేరింగు పోతాండాదప్పా, ఇంగో లీటరు పొయ్యి" అన్నాడు. పోశాం. వెనక నీలం పొగ మొదలైంది. దారిలో ఎక్కించుకున్న కూరగాయల అవ్వ, "ఏమప్పా, మీ బండి బీడీ తాగుతాందే" అంది. ఖాజా ముఖం చూస్తే నాకు నవ్వు రాలేదు.

ఎమ్మిగనూరులో మేస్త్రీ చేతిలో వేరే పని ఉంది. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిని పదకొండు దాకా కూర్చున్నాం. తర్వాత ఆ పెద్దాయన ఒకటే అడిగాడు.

"ఈ మధ్య ఇంజను కాడ ఏం సేసినారు?"

"ఏం లేదు బాబా. మాయమ్మ దర్గా తాయెత్తు కట్టింది, అంతే" అన్నాడు ఖాజా.

మేస్త్రీ తల దూర్చి చూశాడు. తాయెత్తు కట్టిన రాగితీగ ఒక కొస లైటు వైరుకు, ఇంకో కొస ఇంజన్ ఇనుముకు తగులుతోంది. ఇంజన్ నడుస్తుండగానే తీగ విప్పాడు. లైటు ఆరింది. తీగ ఇనుముకు తగిలితే కరెంటుకు దారి దొరికి లైటు వెలుగుతుంది; నేను ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే అది. సిగ్గేసింది.

"లైటు ఊరికే ఎలిగింది. దాన్ని నమ్మి మీరు పోసినారే, ఆ ఆయిలు సంపేది ఇంజన్ని" అంటూ ఎక్కువైనదంతా దించాడు. తాయెత్తును కళ్లకద్దుకుని, నూలు దారంతో స్టీరింగుకు కట్టాడు.

అన్నీ సరిచూసుకుని, అన్నం తిని మూడింటికి తిరుగు ప్రయాణం. పొగ లేదు, లైటు లేదు. ఆ రోడ్డు మీద పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: లైటు వెలిగితే ఒక భయం, ఆరితే ఇంకో భయం. ఆదోని కొండలు కనబడుతుండగా ఖాజా బండి పక్కకు తీసి ఆపాడు.

"సారూ, రేపు నిజంగా ఆయిలు అయిపోతే అది ఎలుగుతాదా? నమ్మొచ్చునా దాన్ని?"

అది మేస్త్రీనే అడగాలన్నాడు ఈ సైన్సు సారు. ఖాజా బండిని మళ్లీ ఎమ్మిగనూరు వైపు తిప్పాడు. నేను వద్దనలేదు.