అవ్ అన్న మాట

మిరపచేలో మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెరిచినప్పుడు బాలి కొంచెం పక్కకు తిరిగి కూర్చుంటుంది. రెండు నెలలుగా ఇదే అలవాటు. పెనుబల్లి దగ్గరి ఆ తండాలో ఆమెలా కారం తినేవాళ్లు లేరు. జొన్నరొట్టెలో పచ్చి మిరపకాయ చుట్టుకుని నమిలేది. అలాంటి మనిషి ఇప్పుడు మజ్జిగన్నం మెత్తగా పిసికి, నమలకుండా మింగుతోంది.

"ఏందే వదినా, పండ్లు రాని పోరి లెక్క తింటున్నవ్?" అంది సోని. వరసకు ఆడబిడ్డ.

"గ్యాసు."

"గ్యాసుకు మొఖం అటు తిప్పుకుంటరా?"

అందరూ నవ్వారు. బాలి కూడా నవ్వింది, పెదవులు విడదీయకుండా.

నోరు తెరిస్తే కనబడుతుందని భయం. నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాల తరకల్లాగా తెల్లటి పూత. పొద్దున్నే గుడ్డతో గట్టిగా తుడిస్తే కింద ఎర్రగా పుండు తేలేది. సాయంత్రానికి మళ్లీ తెలుపు. చేతుల మీద దురద పొక్కులు కూడా ఉన్నాయి గానీ, వాటికి మిరపచేను వంక ఉంది. నోటికే సరైన వంక దొరకలేదు.

అది ఏమిటో ఆమెకు తెలుసు. మూడేళ్ల కిందట భర్త రామ్‌సింగ్‌కు ఇలాగే అయింది. అతను గ్రానైటు లారీ డ్రైవరు. ముందు నోరు పూసింది. తర్వాత నడుము చుట్టూ మంట పుట్టే పొక్కులతో సర్పి లేచింది. దవాఖానాలో రక్తం చూసి హెచ్‌ఐవీ అని కాగితం ఇచ్చారు, ఆమెనూ పరీక్ష చేయించుకోమన్నారు. మందులకు పోతే తండాలో తెలుస్తుందని ఇద్దరూ పోలేదు. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, భర్తను పెనుబల్లిలో కుమ్మరి వెంకటప్పయ్య దగ్గరికి తీసుకుపోయింది. చుట్టుపక్కల సర్పి రాసేది ఆయనే. ఎర్రమట్టి నీళ్లలో కోడి ఈక ముంచి, పొక్కుల మీద పాము బొమ్మ గీసి, తలా తోకా కలవకుండా మధ్యలో అడ్డగీత పెడతాడు. కలిస్తే మనిషి దక్కడని నమ్మకం.

గీసేముందు ఆయన అడిగాడు. "ఇంకేమన్న జబ్బున్నదా బిడ్డా? దాచకు."

"ఏం లేదు తాతా."

సర్పి ఎండిపోయింది. నెల తిరగకుండానే రామ్‌సింగ్ ఆయాసంతో, జ్వరంతో పోయాడు. శవం దగ్గర ఎవరో అన్నారు, "కుమ్మరాయన గీత తప్పిండట గదా. తలా తోకా కలిసినయంట. నిజమేనా బాలీ?"

"అవ్," అంది బాలి.

ఆ తర్వాత వెంకటప్పయ్య వాకిట్లోకి సర్పితో ఎవరూ పోలేదు.

ఇప్పుడు తన నోరు పూశాక ఆమె, తెలిసినవాళ్లు ఎదురుపడరని ఖమ్మం బస్సెక్కింది. డాక్టరమ్మ టార్చి వేసి నోట్లో చూసింది, చేతులు చూసింది.

"మీ ఆయన ఎట్ల పోయిండమ్మా?"

"సర్పితోని." అలవాటుగా నోటికి వచ్చేసింది.

"సర్పితోని మనిషి పోడమ్మా," అందామె రాసుకుంటూ.

పరీక్ష చేసి మందులు మొదలుపెట్టారు. ఒక్కరోజు కూడా మానొద్దన్నారు. కలిసి తిన్నా ఎవరికీ అంటుకోదని కౌన్సిలర్ నిర్మలాదేవి రెండుసార్లు చెప్పింది. పదిహేను రోజులకు నోరు శుభ్రపడింది.

రెండోసారి మందులకు పోయి వస్తూ నేరుగా వెంకటప్పయ్య ఇంటికి పోయింది.

"ఎవరికి లేచింది బిడ్డా?" అంటూ ఆయన చూరులో దోపిన ఈక వైపు చూశాడు. ఆ చూపుకే ఆమెకు వెనక్కి పోవాలనిపించింది. నేల చూస్తూ మొత్తం చెప్పింది.

"ఆ దినం అడిగిన గదా నిన్ను."

"అడిగినవ్ తాతా."

"నా కోడలికి సర్పి వస్తే వేంసూరు పోయి రాయించుకున్నది. నన్ను గీయనియ్యలే." ఆయన చూపు ఈక మీది నుంచి ఆమె మీదికి తిప్పాడు. "నా ముందల చెప్తే ఏం ఫాయిదా? తండాల చెప్తవా?"

నోరు శుభ్రంగానే ఉంది. అయినా అవ్ అన్న మాట రాలేదు.

నాలుగు రోజుల తర్వాత చేలో, అన్నాల దగ్గర, సోని అంది, "మా అత్తకు వీపు మీద సర్పి లేచింది. రేపు వేంసూరు తీస్కపోవాలె."

"గంత దూరం ఎందుకే? పెనుబల్లిలనే ఉన్నడు గదా," అంది పక్కనున్న జమ్లి.

"ఆయనా? రామ్‌సింగ్ అన్నను తిన్న చెయ్యి గదా అది."

బాలి చేతిలో ముద్దను గిన్నెలో పెట్టేసింది.

"ఆయన చెయ్యి ఏం చెయ్యలే. మీ అన్న హెచ్‌ఐవీతోని పోయిండు. నాకు ముందే తెల్సు. నాకూ ఉన్నది, మందులు వేస్కుంటున్న. ముందు మీ అత్తను దవాఖానాకు తీస్కపో."

అందరికీ మధ్యలో పెట్టిన తన పచ్చడి డబ్బాకు సోని మూత వెతికి పెట్టింది.

"మరి గా దినం అవ్ అంటివి," అంది చివరికి.

"అవ్," అంది బాలి.

ఆ పూట ఆమె పక్క సాలు ఎవరూ పట్టలేదు. ఒక్కతే కాయ ఏరుకుంటూ పోయింది. మధ్యమధ్యలో కొంగుతో నోరు తుడుచుకుంది, అక్కడ ఏమీ లేకపోయినా.