పేరులేని తెల్ల గోలి

సిరిసిల్ల పక్క ఊరి నుంచి వచ్చిన లస్మయ్యకు అరవై దాటాయి. సూరత్‌లో, పాండేసర మరమగ్గాల కార్ఖానాలో ఇప్పటికీ నిలబడే పని. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. పోగు తెగిన సాంచా దగ్గరికల్లా కాళ్లే ఉరకాలి. ఒక్క పూట రాకపోతే ఆ సాంచాలు బదిలీవాడి చేతికి పోతాయి. అందుకే దగ్గు పట్టుకున్నప్పుడు ఆసుపత్రి వరుసలో నిలబడలేదు. గల్లీలోని మందుల దుకాణానికి పోయి, అక్కడ అందరూ అడిగినట్టే అడిగాడు.

"సేఠ్, జల్దీ తగ్గేది ఇయ్యి."

దుకాణదారు కత్తెరతో షీటు తుంచి, పేరున్న ముక్క తన దగ్గరే ఉంచుకుని, పూటకు ఒక పెద్ద తెల్ల గోలి, ఒక చిన్న గోలి చొప్పున కాగితంలో చుట్టిచ్చాడు. దగ్గు తగ్గింది. మడమ వెనక సలపరం మొదలైంది.

"ముసలోనివైనవ్ కాకా, గది వాతం," అని పక్క సాంచాల పరుశురాం నవ్వాడు. దుకాణదారూ అదేనని మళ్లీ అవే గోలీలిచ్చాడు.

వాపు చూసి భార్య సారక్క అతన్ని తెలుగు డాక్టరమ్మ విజేత దగ్గరికి లాక్కుపోయింది.

"ఏం మందు వేసుకున్నారు?"

"పెద్ద తెల్ల గోలి, దానెంబడి ఒక చిన్నది, మేడం."

"పేరు?"

"తెల్లదే."

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఫ్లోరోక్వినలోన్ జాతి యాంటీబయాటిక్ అయ్యుంటుందని ఆమె అనుమానం. ముదిరిన ఇన్‌ఫెక్షన్లలో ప్రాణం నిలిపే మందే. కానీ అరవై దాటినవాళ్లకు, అందులోనూ ఆ చిన్న గోలి స్టెరాయిడే అయితే, పిక్కను మడమకు కలిపే స్నాయువు తెగిపోవచ్చు.

"గోలీలు ఆపండి. కొన్నాళ్లు కాలు మోపొద్దు."

"మోపకుంటే సాంచాలు ఎవలు నడుపుతరు, మేడం?"

గోలీలు ఆపాడు. పని ఆపలేదు. జబ్బు సెలవే లేని కార్ఖానాలో విశ్రాంతి రాసివ్వడమంటే, కూడు లేనివాడికి నెయ్యి రాసివ్వడమే.

మర్నాడు సాంచాల సందులో వంగి లేస్తుంటే మడమ మీద ఎవరో కట్టెతో కొట్టినట్టయింది. గిర్రున తిరిగి అరిచాడు.

"ఏందిరా పరుశురాం, తంతున్నవ్?"

వెనక ఎవరూ లేరు. పరుశురాం నాలుగు సాంచాల అవతల ఉన్నాడు. లస్మయ్య అడుగెయ్యబోతే పాదం మాట వినలేదు.

తెగిన స్నాయువుకు ఆపరేషన్ అయ్యాక పరుశురాం మందుల దుకాణానికి పోయి, గోలి పేరు అడిగి, వార్డుకు వచ్చాడు.

"ఏ గోలి? నేనియ్యనేలే అంటుండు కాకా. డాక్టర్ చిట్టీ ఏది, బిల్లేది అని ఉల్టా నన్నే గద్దిస్తుండు."

"నా సాంచాలో?"

పరుశురాం తల దించుకున్నాడు. "బదిలీవానికిచ్చిండ్రు."

లస్మయ్య గోడ వైపు తిరిగాడు. సారక్క లేచి చెప్పులు తొడుక్కుంది.

"వాని దుకాణం ముంగట కూసుంట. ఏం గోలిచ్చిండో చెప్పెదాంక ఎవడు లేపుతడో లేపుమను."