ఆయనకు కనబడని ఎడమవైపు

మొన్న ఇక్కడ అమెరికాలో, మేముండే క్యారీ ఊళ్ళో కంటి డాక్టరు దగ్గర గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించి, చుక్క వెలుగు కనబడినప్పుడల్లా మీట నొక్కుతూ కూర్చున్నాను; నాకంతా బాగానే ఉందన్నారు గానీ, నలభయ్యేళ్ళ కిందట అలాంటి యంత్రం ముందే మావారు మీట పట్టుకుని సగం చుక్కలకి నొక్కకుండానే కూర్చోవడం గుర్తొచ్చి, బయటికొచ్చాక కాసేపు కారు తీయలేకపోయాను.

డెబ్బైల చివర్లో ఈ దేశం వచ్చినవాళ్ళకి తెలుసు, అప్పట్లో ఇక్కడ తెలుగు మాట వినబడటమే అపురూపం. మావారు మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. కొన్నేళ్ళకి తరచూ తలనొప్పి అనేవారు, కారు ఎడమపక్క రెండుసార్లు గరాజ్ గోడకి రాసుకుంది, చివరికి స్కాన్‌లో మెదడు వెనకభాగాన కణితి ఉందని తేలింది. కేన్సరు కాదన్నారు, ఆపరేషన్ చేసి తీసేశారు, ప్రాణం దక్కింది; కానీ కట్టు విప్పకముందే తెలిసిపోయింది, ఆయనకు ఎడమవైపు ఏదీ కనబడటం లేదని. ఎడమకన్ను పోయిందేమోనని అది మూసి చూసుకున్నారు, తేడా లేదు. కళ్ళు రెండూ బాగున్నాయనీ, దెబ్బ తగిలింది చూపును గ్రహించే మెదడు భాగానికనీ, వాపు తగ్గాక కొంత తిరిగి రావచ్చు గానీ అంతా రాకపోవచ్చనీ డాక్టరు నెమ్మదిగా చెప్పారు.

ఇంటికొచ్చిన వారానికి, ఆరేళ్ళ మా అమ్మాయి సోఫాలో ఆయనకు ఎడమపక్కన చేరి తను వేసిన బొమ్మ చూపించిందట, ఆయన పలకలేదట, వంటింట్లోకి ఏడుస్తూ వచ్చి, “అమ్మా, నాన్న ఈజ్ మ్యాడ్ ఎట్ మీ” అంది. అది విని ఆయన కళ్ళు తుడుచుకుంటూ లేచొచ్చారు. దాన్ని తన కుడివైపుకి తెచ్చుకుని, “కోపం కాదమ్మా, నాన్నకి ఆ పక్క కనబడదు, ఇకనుంచి ఇటే కూర్చో” అన్నారు. ఆస్పత్రి తర్వాత ఆయన కంట నీరు చూసింది ఆ ఒక్కసారే.

బస్సులు లేని ఊరు, ఇక కారు నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. పక్కింటి అమెరికన్ పెద్దావిడ చర్చి పార్కింగ్‌లో ఓపిగ్గా నేర్పింది. లైసెన్సు వచ్చాక ఆయన్ని ల్యాబ్‌కి దింపడం మొదలుపెట్టాను. ఇక్కడ డ్రైవరు ఎడమవైపు కదా, పక్కసీట్లో ఉన్న ఆయనకి నేను కనబడేదాన్నే కాదు. “ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, నువ్వున్నావని తెలుస్తుంది” అన్నారు. స్వతహాగా మితభాషిని, అయినా ఏం వండబోతున్నానో, అమ్మ ఏం రాసిందో, చిన్నప్పుడు చెల్లెలితో ఎందుకు దెబ్బలాడానో అన్నీ చెప్పేదాన్ని. పెళ్ళయిన పదేళ్ళలో చెప్పుకోని సంగతులు ఆ ఇరవై నిమిషాల దారిలో చెప్పుకున్నాం.

ఆర్నెల్లకి పైభాగంలో కాస్త చూపు వచ్చింది, మిగతాది రానేలేదు. తల తిప్పి వెతుక్కోవడం అలవాటు చేసుకుని రిటైరయ్యేదాకా పనిచేశారు, స్టీరింగ్ మాత్రం మళ్ళీ పట్టలేదు.

ఆయన పోయి ఆరేళ్ళు. ఇప్పుడు మా అమ్మాయి కారులో నేనెక్కితే దారి చెప్పే జీపీఎస్ గొంతు ఒకటే వినబడుతుంది, వెనక దాని పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్ళు. అందరూ ఒకరికొకరు చక్కగా కనబడుతూనే ఉంటారు కాబట్టి కాబోలు, మాటల అవసరమే లేదు. నేను మాత్రం ఒంటరిగా గ్రోసరీకి వెళ్తున్నప్పుడు, ఇవాళ వంకాయ కూర చేస్తానని పక్కసీటుకి చెబుతూనే డ్రైవ్ చేస్తాను.