పుల్లీ కుదురుకునే దాకా

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు కొత్తగూడ ఫ్లైఓవర్ మీద తెలిసింది. ముందు బండి కదలదు, వెనక బండి ఆగదు. అలాంటప్పుడు తోటి డ్రైవర్ ఫోన్ చేసి, "అన్నా, ఉస్తాద్ లేడే. టిఫిన్ తినుకుంట కూసున్నోడు గట్లనే ఒరిగిండంట" అన్నాడు. వెనక నుంచి హారన్ మోగింది. గేరు వేసి ఫ్లైఓవర్ దిగి, బండి తిప్పుకుని షెడ్డు దారి పట్టాను. కొన్ని నెలలుగా ఒంట్లో బాగాలేక పని మానేసిన మనిషే. అయినా ఆయన లేని షెడ్డును ఊహించుకుంటూ ఆ సందులోకి తిరగడం నాకు చేతకాలేదు. మూల మీద కాసేపు ఆపి, కళ్లు తుడుచుకుని వెళ్లాను.

ఉస్తాద్ అంటే మా మెకానిక్. గోదావరి వైపు మనిషి. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో వచ్చి కొత్తగూడలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఈ చుట్టుపక్కల పాత బండ్లు నడుపుకునే డ్రైవర్లకు ఆయనే దిక్కు. హైదరాబాదులో పెద్ద మెకానిక్‌ని ఉస్తాద్ అంటారు కాబట్టి ఆయన్నీ అలాగే పిలిచాం. మొదట్లో ఆ పిలుపు ఆయనకు నచ్చలేదు, కుస్తీలు పట్టేవాడిలా ఉందనేవాడు. ఏ మాటకైనా చివర 'అండి' ఉండాల్సిందే. తిట్టినా అంతే. బ్రేకు ఆయిల్ చూసుకోకుండా బండి తిప్పినందుకు ఒకసారి నన్ను, "మీ అంత బుద్ధిలేని మనిషిని నేను చూడలేదండి" అన్నాడు. అంత మర్యాదగా తిట్టించుకున్నాక కోపం తెచ్చుకోవడం కూడా కష్టం.

నాకు నోటి దురుసు ఎక్కువ, ఓపిక తక్కువ. నల్లగొండ వైపు నుంచి వచ్చి, పాత డీజిల్ కారు ఒకటి కొనుక్కుని, ఐటీ కంపెనీల వాళ్లను ఇళ్ల నుంచి ఆఫీసులకు చేరవేసేవాణ్ని. షెడ్డులో స్టూలు మీద కూర్చుని తొందర పెట్టడం నా పని. ఆ తొందర వినపడనట్టు ఉండటం ఆయన పని.

ఆయన ఓపిక చూడాలంటే పవర్ స్టీరింగ్ పంపు పుల్లీ దగ్గర చూడాలి. స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి నూనెను తోసే పంపు ఒకటుంటుంది. దాని ముందు ఉండే చక్రమే పుల్లీ. ఇంజను తిరుగుతుంటే బెల్టు ఆ పుల్లీని తిప్పుతుంది. మా పాత బండ్లలో దాన్ని పట్టి ఉంచడానికి నట్టూ ఉండదు, బోల్టూ ఉండదు. ఇరుసు మీద బిగుతుగా ఎక్కి కూర్చుంటుంది, అంతే. పంపు పాడైతే బజార్లో పంపు దొరుకుతుంది గానీ దాంతో పుల్లీ రాదు. పాతదాని మీంచి తీసి కొత్తదానికి ఎక్కించుకోవాలి. చాలామంది సుత్తి పుచ్చుకుంటారు. పని చిటికెలో అయిపోతుంది. కొన్నాళ్లకు పంపు కారడం మొదలవుతుంది, బెల్టు కీచుమంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఉస్తాద్ ఆ పనికి సుత్తి ముట్టేవాడు కాదు. బాలానగర్‌లో లేత్ మిషన్ నడిపే ఒకాయన దగ్గరికి వెళ్లి, నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చూపించి, ఒక పుల్లర్ చేయించుకున్నాడు. అది పుల్లీ మెడను రెండు వైపులా పట్టుకుంటుంది. మధ్యలో స్క్రూ ఇరుసుకు ఆనుతుంది. బిగిస్తూ పోతే పుల్లీ మెల్లగా బయటికి జరుగుతుంది. ఎక్కించేటప్పుడు ఇరుసు చివరనున్న మరలో పొడవాటి బోల్టు వేసి, దాని మీది నట్టును కొద్దికొద్దిగా తిప్పుతూ పుల్లీని లోపలికి నెట్టేవాడు. కాస్త తిప్పి ఆగేవాడు. రెండు చుక్కలు నూనె వేసి మళ్లీ తిప్పేవాడు. ఇరుసు చివరా పుల్లీ ముఖమూ ఒకే మట్టానికి వచ్చాయా లేదా అని బొటనవేలి గోరుతో గీసి చూసేవాడు. ఒక్క దెబ్బ వేస్తే అయిపోతుంది కదా అని నేను గొణిగితే, "దెబ్బకు ఎక్కింది దెబ్బకే ఊడుతుందండి. దాన్ని కుదురుకోనివ్వండి" అనేవాడు.

తెలంగాణ ఉద్యమం వేడెక్కిన రోజులవి. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. రోడ్ల మీద వంటావార్పు పెడితే గరిటె పట్టుకున్నాను. షెడ్డుకు వచ్చినా అవే మాటలు. నేను ఎగిరెగిరి మాట్లాడుతుంటే ఆయన ఫిల్టర్లు కడుగుతూ వినేవాడు. మీ రాష్ట్రం మీకు రావాల్సిందేనండి, అందులో నా షెడ్డుకు కాస్త చోటుంటే చాలు అనేవాడు. నీకు వీసా నేనిప్పిస్తలే ఉస్తాద్ అని నేను ఆట పట్టిస్తే నవ్వేవాడు. షెడ్డు వెనక గదిలో ఉండే ఆయన భార్య మాత్రం నవ్వేది కాదు. వీధిలో ఎవరూ ఆమెను ఒక్క మాట అన్నది లేదు. కానీ టీవీ పెడితే చాలు, ఆమెకు గుండె దడ. ఊళ్లో ఉన్న ఆమె తమ్ముడు రోజూ ఫోన్ చేసి వచ్చేయమనేవాడు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. ఆటోలు ఏ పూట తిరుగుతాయో తెలిసేది కాదు. మా అత్తమ్మకు అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్‌కు దవాఖానకు తీసుకుపోవాలి. సమ్మె నాదే, అత్తమ్మా నాదే. ఆమె ప్రాణానికి నా కారు ఒక్కటే ఆధారంగా మిగిలింది. దసరా ముందు రోజు, ఆమెను ఎక్కించుకుందామని ఇంజను వేస్తే, పవర్ స్టీరింగ్ పంపు బిగుసుకుపోయి బెల్టు తెగింది. ఆ బండిలో అన్నింటినీ ఆ ఒక్క బెల్టే తిప్పుతుంది. ఇక బండి కదలదు.

షెడ్డుకు పరుగెత్తాను. అక్కడ ఆయుధపూజ అప్పుడే అయింది. పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చారు. దసరా నాడు మళ్లీ దండం పెట్టుకునే దాకా వాటిని కదపరు. ఉస్తాద్ సంగతి విని తన కారు తాళాలు తీసుకున్నాడు. ఆయనదీ నా బండి రకమే, ఇంకా పాతది. మా ఇంటి ముందు ఆపాక, అత్తమ్మ కోసం నేను వెనక తలుపు తీశాను. సీటు నిండా గిన్నెలు, గ్యాస్ పొయ్యి, పరుపు చుట్ట.

అత్తమ్మ ఇత్తడి బిందెను ఒళ్లో పెట్టుకుని వాటి మధ్య సర్దుకుంది. కాస్త దూరం పోయాక, "ఎటు పోతున్నరు బిడ్డా, సామానంత ఏసుకొని?" అని అడిగింది. రేపు పొద్దున్నే బావమరిది ఊరికి అని ఆయన చెప్పాడు. "పండుగకా?" అంది. ఆయన గేరు మార్చాడు. "గింత సామాను పండుగకు ఎవరు తీస్కపోతరు" అని అత్తమ్మ తనలో తాను అనుకుంది. ఊరొదిలి పోతూ నాతో ఒక్క మాటైనా చెప్పలేదే అని నాకు కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక ఆయనే అన్నాడు, ఎల్లుండి ఆవిడను మళ్లీ తీసుకెళ్లాలి, అప్పటికి తానుండడు కాబట్టి నా బండిని ఈ సాయంత్రమే లేపి ఇచ్చేస్తానని. నా బండిని తన కారుకు తాడుతో కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. కొత్త బెల్టు అక్కడే ఉంది. దుకాణాలు మూతపడ్డా, వెనక పడి ఉన్న తుక్కు బండిలో మంచి పంపు దొరికింది. పుల్లీ మాత్రం ఎవరో ముందే పీక్కుపోయారు. కాబట్టి నా పాత పంపు పుల్లీనే తీసి దానికి ఎక్కించాలి. స్పానర్లు నా డిక్కీలో ఉన్నాయి. పుల్లర్ అమ్మవారి ముందుంది.

ఆయన అటు చూశాడు. భార్య గడపలో కూర్చుని ఉంది. తెల్లారితే ప్రయాణం, ఈ పూట పూజలోంచి ఏది కదిపినా ఆమె హడలిపోతుందని ఆయనకు తెలుసు. అందుకని నేను కలలో కూడా అనుకోని పని చేశాడు. ఒక చెక్కముక్క, ఒక రాయి తెచ్చుకున్నాడు. రాయి పనిముట్టు కాదు కదా, దానికి ఎవరూ కుంకుమ పెట్టలేదు. చెక్క అడ్డం పెట్టి వెనక నుంచి కొట్టాడు. పుల్లీ ఊడింది. వేలికి తగిలించి తిప్పి చూస్తే, అంచు వంగిపోయి అటూ ఇటూ ఊగుతోంది. దాని మీద బెల్టు నిలవదు.

ఆయన నేల మీద చతికిలబడ్డాడు. "కొట్టేశానండి. తెలిసి తెలిసి కొట్టేశాను" అన్నాడు. ఎల్లుండి అత్తమ్మ గతేమిటన్నదే నా తలలో తిరుగుతోంది.

గడపలోంచి ఆయన భార్య లేచి వచ్చి చూసింది. ఇంకొకటి లేదా అని అడిగింది.

"మన బండికి ఉంది" అన్నాడు ఉస్తాద్.

ఆమె కారు వైపు చూసింది. కట్టిన మూటలన్నీ అందులోనే ఉన్నాయి. "మరి మనం?"

"దుకాణాలు తెరిచాక చూద్దాం. నువ్వు వద్దంటే తియ్యను."

ఆమె కారు దగ్గరికి వెళ్లి, ఒక మూట ముడి తడిమి చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, అమ్మవారికి దండం పెట్టి, పుల్లర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఆ పెద్దావిడ నడిచి వెళ్లలేదు కదా" అంది, అంతే.

తన బండి పుల్లీని ఆయన ఎంత నెమ్మదిగా తీశాడో మీరు చూసి ఉండాల్సింది. కుంకుమ ఆయన వేళ్లకు అంటుకుంది. నా బండికి వేయబోయే పంపుకు దాన్ని ఎక్కించి, గోరుతో గీసి, పంపును బండికి బిగించాక మిగతా పుల్లీలతో వరసలో ఉందో లేదో స్టీలు స్కేలు ఆనించి చూశాడు. ఆ రోజు నేను తొందర పెట్టలేదు. ఇంజను వేస్తే బెల్టు చప్పుడు లేకుండా తిరిగింది. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. "ఊరుకోండి, గ్రీజు అంటుతుందండి" అన్నాడు.

మర్నాడు దసరా. మా ఆవిడ వెళ్లి, ఆమెతో కలిసి ఆ గిన్నెలన్నీ మళ్లీ ఇంట్లోకి చేర్చింది. నేను జమ్మి ఆకు ఉస్తాద్ చేతిలో పెట్టి కౌగిలించుకున్నాను. తర్వాత సమ్మె ముగిసింది, దుకాణాలు తెరిచారు, పుల్లీ దొరికింది, ఆయన కారూ తయారైంది. వాళ్లు వెళ్లలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అత్తమ్మ బతికినన్నాళ్లూ అదే బండిలో దవాఖానకు తిరిగింది. రాష్ట్రం వచ్చిన రోజు నేను రోడ్డు మీద ఎగురుతుంటే, ఆయన మిఠాయి డబ్బాతో వచ్చి, తన వీసా ఎంతవరకు వచ్చిందని అందరి ముందూ అడిగాడు. ఆ రోజు ఆయన భార్య కూడా నవ్వింది.

ఆ మనిషికి నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకున్నది లేదు. ఎప్పుడు మొదలుపెట్టినా బానెట్ ఎత్తమనేవాడు.

దినకర్మలు అయిపోయాక ఉస్తాద్ భార్య తమ్ముడు అక్కను ఊరికి తీసుకుపోతానన్నాడు. ఇక్కడ ఒంటరిగా ఏం చేస్తుంది, నిజమే. ఆమె కాదనలేదు, సంచి సర్దుకుంది. నేను వెళ్లి, పోయి రా అక్కా అని మాత్రం అనగలిగి, వచ్చి బండి స్టార్ట్ చేశాను. ఉస్తాద్ పని మానేశాక మదీనాగూడలో ఎవరి దగ్గరో పంపు మార్పించుకున్న బండి అది.

గేటు దాకా వచ్చిన ఆమె ఆగిపోయింది. అన్నేళ్లలో ఆమె బండ్ల గురించి ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

"అన్నయ్యగారూ, వెళ్లకండి. బెల్టు అరుస్తోంది. పుల్లీ పూర్తిగా లోపలికి పోలేదు" అంది.

బయట తమ్ముడు సంచి భుజాన వేసుకుని, బస్సుకు టైమవుతోందని పిలుస్తున్నాడు. ఆమె బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, వింటూ ఉంది.