ఖాళీ ఇంటి ముందు ముగ్గు

మా కొత్త ఇంట్లోకి మాకంటే ముందు ఏసీ పోయింది. దాని వెనక గీజరు, ఇన్వర్టరు, బోరు మోటరు, తళతళలాడే నల్లాలు వరసగా పోయాయి. మేం మాత్రం బయటే ఉండిపోయాం. ఇది ఎవరి తెలివితక్కువ పని అని అడిగితే అందరి వేళ్లూ నా వైపే తిరుగుతాయి. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మేం ఎల్లారెడ్డిలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాకు అక్కడే ఒక టైలరింగ్ దుకాణం. మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు. కామారెడ్డి పొలిమేరలో కొత్తగా వెలసిన ప్లాట్లలో ఇల్లు మొదలుపెట్టాం. ఆయన సెలవు మీద వచ్చేసరికి ఇల్లు చేతికి రావాలి, పాలు పొంగించాలి, నలుగురికి భోజనం పెట్టాలి అనుకున్నాం. మేస్త్రీ ఈ వారం, వచ్చే వారం అంటూ జరుపుకుంటూ పోయాడు. తాళంచెవులు నా చేతిలో పడేనాటికి మా ఆయన సెలవు నాలుగు రోజులే మిగిలింది. అయ్యగారిని అడిగితే పంచాంగం తిరగేసి, మూఢం వచ్చింది, రెండు నెలల దాకా ముహూర్తాలు లేవు అన్నాడు.

మూఢంలో మా వైపు కొత్త ఇంట్లో పాలు పొంగించరు. పాలు పొంగనిదే పొయ్యి వెలిగించరు, రాత్రి నిద్ర చెయ్యరు. ఇంక నాలుగు రోజుల్లో విమానం ఎక్కాల్సిన మనిషి ముఖం చూడలేకపోయాను. "సామానన్నా బిగిపిస్తే ఒక్కసారి స్విచ్చి ఏసి చూసి పోత," అన్నాడు. పదేళ్లుగా ఎండలో నిలబడి పని చేసిన మనిషి అడిగిన కోరిక అది. సరే అన్నాను.

వైరింగ్ చేసినతను ఒప్పుకోలేదు. "అక్కా, బిగించుడు ఒక్క దినం పని. మీరు నిద్ర చేసే నాడు పొద్దుగాల పిలువుండ్రి, పొద్దుగూకేసరికి అన్నీ నడుస్తయి. ఖాళీ ఇంట్ల పెడితే దొంగలకు మీరే దావత్ ఇచ్చినట్టయితది," అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీకు పని ఇస్తుంటే వద్దంటవేంది? జల్ది కానీ," అని కసిరాను. పాపం, నిచ్చెన వేసుకున్నాడు.

ఆ రోజు మా అత్త కూడా వెంట వచ్చింది. గేటు దగ్గరే నిలబడిపోయింది. "పాలు పొంగకముందు నేను గడప దాట," అంది. కొడుకు బతిమాలినా కదలలేదు. లోపల ఆయన ఒక్కో స్విచ్చి వేస్తూ, చల్లగాలి కింద చిన్నపిల్లాడిలా నవ్వుతుంటే, ఆమె మాత్రం ఇసుక కుప్ప మీద కూర్చుని వీధి వైపు చూస్తోంది. ఎంత మొండిదో అని మనసులో తిట్టుకున్నాను. పైకి కూడా ఒకటి రెండు అన్నాననుకోండి.

మా ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన మర్నాటి నుంచే నాకు భయం పట్టుకుంది. ఆ ప్లాట్లలో సగం ఇండ్లకు ఇంకా తలుపులే లేవు. కాపలాకు ఎవరినన్నా పడుకోబెడదామంటే పాలు పొంగని ఇల్లాయె. బిగించినవన్నీ విప్పించి తెద్దామంటే, ఫోన్లో రోజూ "అన్నీ మంచిగున్నయా?" అని అడిగే మనిషికి ఏమని చెప్పను? అవి పోతే డబ్బు పోవడం ఒక్కటే కాదు. ఆయన మళ్లీ వచ్చి సామాను పీకేసిన గోడ కన్నాలు చూడాలి. ఆ ఊహకే నాకు అన్నం సయించేది కాదు.

అదే సమయంలో మా అత్త కూడా నా ప్రాణం తోడడం మొదలుపెట్టింది. చీకటితోనే లేచి, సంచి చంకన పెట్టుకుని, "పొలం కాడికి పోతున్న" అని వెళ్లిపోయేది. పదిన్నర దాటాక వచ్చేది. నాట్లు అయిపోయాయి, కలుపుకు ఇంకా టైముంది, రోజూ పొద్దున్నే పొలంలో ఏం పనో నాకు అర్థమయ్యేది కాదు. మూఢం పోగానే జరిగే పెళ్లిళ్ల బట్టలు నెత్తి మీద ఉన్నాయి, ఇంటిపని అంతా నా మీదే పడింది. "ఇంట్ల ఉంటే పని చెప్తనని పొలం పేరు చెప్పి తప్పించుకుంటున్నవు," అని ఒకరోజు మొహం మీదే అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు నాకు ఇంకా మండింది.

ఇట్లా నెల దాటింది. ఒకరోజు పొద్దున ఆరింటికి మేస్త్రీ ఫోను చేశాడు. "అమ్మా, మీ ఎనక గల్లీల మాచారెడ్డోళ్ల ఇల్లు రాత్రి దోసుకపోయిండ్రు. మోటరు గుంజిండ్రు, నల్లాలు ఇరగ్గొట్టిండ్రు, ఏసీ రాగి పైపులు సుత కోసుకపోయిండ్రు. నేను ఊర్ల లేను, మీది ఎట్లుందో చూసుకోండ్రి," అన్నాడు. వాళ్లు కూడా మాలాగే ముందే అన్నీ బిగించి, తాళం వేసి, మూఢం పోయేదాకా ఆగినవాళ్లు.

చెప్పులు ఏవి తొడుక్కున్నానో తెలియదు. బస్సులో కూర్చున్నాననే గానీ ప్రాణం నా దగ్గర లేదు. కామారెడ్డిలో దిగి ఆటో ఎక్కి ప్లాట్లలోకి వచ్చేసరికి ఎనిమిది దాటింది. ముందు మాచారెడ్డి వాళ్ల ఇల్లు కనిపించింది. గేటు ముందు ఎండిన ఆకులు, ఎవరో విసిరేసిన కరపత్రాలు, దుమ్ము. లోపల ఆ ఇంటావిడ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఆమెను పలకరించడానికి కూడా నాకు కాళ్లు ఆగలేదు.

మలుపు తిరిగి నా ఇల్లు చూసి అక్కడే నిలబడిపోయాను.

గేటు ముందు తడి ఇంకా ఆరలేదు. ఆ తడి మీద గేటంత వెడల్పున ముగ్గు. దండెం మీద ఒక చీర, ఒక లుంగీ, తువ్వాల ఆరుతున్నాయి. మెట్ల దగ్గర మగవాళ్ల చెప్పుల జత. తలుపుకు అడ్డంగా పూల కర్టెను. గేటుకు తాళం కూడా బయటికి కనపడటం లేదు, లోపలి వైపు తిప్పి వేసి ఉంది. ఎవరో కుటుంబంతో సహా నా ఇంట్లో దిగిపోయారని నాకు నమ్మకం కుదిరింది. భయమంతా పోయి ఒళ్లంతా కోపమైంది. గేటు పట్టుకుని ఊపుతూ, "ఎవర్రా లోపల? బయటికి రా!" అని గొంతు చించుకున్నాను.

ఇంటి పక్కనున్న సంపు వైపు నుంచి బకెట్టు పట్టుకుని మా అత్త వచ్చింది.

"ఎందుకే గట్ల మొత్తుకుంటవు? అందరు చూస్తుండ్రు," అంది.

దండెం వైపు మళ్లీ చూశాను. ఆ చీర నేను రెండేళ్ల కింద పాతదని పక్కన పడేసినది. ఆ చెప్పులు మా ఆయనవి. గేటు తీసి నన్ను లోపలికి పిలిచి, తీరిగ్గా చెప్పింది. ఇంట్లో మేకుకు తగిలించిన గేటు తాళంచెవి తీసుకుని, కొడుకు పోయిన మూడో రోజు నుంచి వస్తోందట. తెల్లవారుజామున మొదటి బస్సు, ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే పైసా లేని జీరో టికెట్. వచ్చి వాకిలి ఊడ్చి, సంపులో నీళ్లు తోడి సాన్పి చల్లి, ముగ్గు పెట్టి, దండెం మీది బట్టలు మార్చి, మళ్లీ బస్సెక్కి ఇంటికి.

"వాకిట్ల ముగ్గు లేకుంటెనే కదనే దొంగోనికి ఇల్లు ఖాళీ అని తెల్సేది. వాడు పగటీలి తిరిగి చూసి పోతడు, రాత్రికి వస్తడు," అంది.

"బట్టలు రోజూ మార్చుడెందుకు?"

"నిన్నటి చీరనే ఇయ్యాల ఆరుతుంటే వాడు గుర్తు పట్టడా? వాడేమన్న పిచ్చోడా?"

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో గంటకు పైనే. రానూపోనూ అంటే సగం రోజు. మోకాళ్ల నొప్పులతో మా మేడ మెట్లు ఎక్కలేని మనిషి, నెల దాటి ఒక్కరోజు తప్పకుండా, నా సూటిపోటి మాటలు పడుతూ తిరిగింది. నేను బడికి పోయి చదువుకున్నాను, దుకాణం నడుపుతున్నాను, ఫోన్లో కెమెరాల ధరలు వెతికాను. నాకు భయపడటం తప్ప ఏమీ తోచలేదు. ఈమెకు ఇన్ని ఎట్లా తోచాయి? ఆమె ముఖం ఎప్పుడూ చూడనట్టు చూశాను. నాకు దండం పెట్టాలనిపించింది. సిగ్గుతో పెట్టలేకపోయాను.

"నాకు చెప్పొచ్చు కదా అత్తా?"

"చెప్తే పోనిస్తువా? కాళ్లు నొస్తున్నయి అంటువు, ఫోన్ చేసి నా కొడుక్కు చెప్తువు. వాడు ఆడ పరేషాన్ అయితుండే."

తలుపు తీసి లోపలికి పోయాను. ఒక్కటి కూడా కదల్లేదు. స్విచ్చి వేస్తే మోటరు గుర్రుమంది, ఏసీ చల్లగాలి వదిలింది. సంతోషం పట్టలేక బయటికి ఉరికి వచ్చి, "అన్నీ ఉన్నయి అత్తా! నువ్వు కూడా రా, చూద్దువు గాని," అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె గడప ముందు ఆగిపోయి చెయ్యి విడిపించుకుంది.

"పాలు పొంగనీయి," అంది.

అప్పుడు తట్టింది నాకు. బిగించిన రోజు ఆమె లోపలికి రాలేదు. ఈ నెల రోజులూ తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది.

"అయితే లోపల ఏమున్నయో నువ్వు ఒక్కసారి కూడా చూడలేదా?"

"నాకెందుకే చూసుడు? నా కొడుకు చూసిండు గదా," అంది మా అత్త, గేటు దగ్గరికి పోయి, నేను తొక్కి చెరిపిన ముగ్గు గీతను పిండితో సరిచేస్తూ.